చక్రాల మీద ఇల్లు – దాన్ని ఆపేదెలా?

ఇల్లు ఒకచోట కట్టుకుంటాం. బండి ఎక్కి మరోచోటికి పోతాం. ఈ రెండూ ఒకటే అయితే? అదే మోటార్ హోమ్. ముందు డ్రైవరు సీటు, వెనక పడకలు, వంటగట్టు, నీళ్ల ట్యాంకు, స్నానాల గది – అన్నీ ఒకే బండిలో ఉంటాయి. అమెరికాలో ఇలాంటి బండ్లు చాలా ఎక్కువ. అక్కడి అయోవా రాష్ట్రంలోని విన్నెబాగో కంపెనీ 1966 నుంచి వీటిని పెద్ద ఎత్తున తయారు చేయసాగింది. జనరల్ మోటార్స్ కంపెనీ 1973 నుంచి 1978 వరకు జి.ఎం.సి. మోటార్ హోమ్ అనే ఆరు చక్రాల బండిని తయారు చేసింది. ఆ తయారీ ఆగిపోయి ఎన్నో ఏళ్లయినా ఆ బండ్లను బాగుచేసుకుంటూ నడిపేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. అమెరికాలో స్థిరపడిన మన తెలుగు కుటుంబాలలో కూడా సెలవుల్లో మోటార్ హోమ్ అద్దెకు తీసుకుని కొండలు, అడవులు చూసి వచ్చేవారున్నారు.

ఇంత పెద్ద బండిని కదిలించడానికి పెద్ద ఇంజను కావాలని ఎవరైనా చెబుతారు. కాని దాన్ని ఆపడం ఎలా? ఇంజను చెడిపోతే బండి రోడ్డు పక్కన నిలిచిపోతుంది, అంతే. బ్రేకు చెడిపోతే బండి నిలవదు! అందుకే పాత మోటార్ హోమ్ కొన్నవాళ్లు ముందుగా చూడవలసింది ఇంజను కాదు, బ్రేకులు.

ఇందులో ఒక వింత ఉన్నది. లారీ అయితే రోజూ తిరిగి తిరిగి దాని బ్రేకులు అరిగిపోతాయి. పాత మోటార్ హోమ్ సంగతి అలా కాదు. అది ఏడాదిలో కొద్ది వారాలు తిరిగి, మిగతా కాలమంతా ఇంటి పెరట్లో నిలిచి ఉంటుంది. కాబట్టి దాని బ్రేకులు అరగడం కంటె, ఊరికే ఉండి పాడవడమే ఎక్కువ. వాడని వస్తువు చెడిపోవడమేమిటి అంటారా? అది తెలియాలంటే ముందు బ్రేకు ఏం పని చేస్తుందో చూద్దాం.

వేగం ఎక్కడికి పోతుంది?

బ్రేకు వేయగానే బండి ఆగిపోతుంది. మరి దాని వేగం ఏమైంది? మాయమైందా? శక్తిని సృష్టించలేము, నశింపజేయలేము అని మీరు పాఠాల్లో చదివారు. కదిలే వస్తువుకు గతిశక్తి ఉంటుంది. బ్రేకు ఆ గతిశక్తిని ఘర్షణ ద్వారా ఉష్ణంగా మారుస్తుంది. బ్రేకు చేసే పని ఇంతే: అది వేగాన్ని వేడిగా మార్చే యంత్రం.

ఎంత వేడి? లెక్క కడదాం. నీళ్లు, సామాను, మనుషులతో నిండిన మోటార్ హోమ్ బరువు 5 టన్నులు, అంటే 5,000 కిలోగ్రాములు అనుకుందాం. అది గంటకు 90 కిలోమీటర్ల వేగంతో పోతున్నది. అంటే సెకనుకు 25 మీటర్లు. గతిశక్తి = ½ × ద్రవ్యరాశి × వేగం × వేగం. కాబట్టి ½ × 5,000 × 25 × 25 = 15,62,500 జౌళ్లు.

ఈ సంఖ్యను చూస్తే ఏమీ తెలియదు కదా! మరోలా చూద్దాం. ఒక లీటరు నీటిని 25 డిగ్రీల నుంచి 100 డిగ్రీల సెంటీగ్రేడు వరకు వేడిచేయడానికి సుమారు 3,15,000 జౌళ్లు కావాలి. అంటే ఆ బండిని ఒక్కసారి ఆపడంలో పుట్టే వేడితో 5 లీటర్ల చన్నీళ్లను మరిగే స్థితికి తీసుకురావచ్చునన్నమాట. మీ ఇంట్లో పొయ్యి మీద ఆ పనికి ఎంతసేపు పడుతుందో ఒకసారి గమనించండి. బ్రేకులు ఆ పనిని కొద్ది సెకన్లలో చేస్తాయి.

ఇంకొక సంగతి. వేగం సగమైతే గతిశక్తి సగం కాదు, నాలుగో వంతు అవుతుంది. 45 కిలోమీటర్ల వేగంతో పోయే బండిని ఆపడానికి బ్రేకులు పడే శ్రమ 90 కిలోమీటర్ల వేగంలో పడే శ్రమలో పావు వంతే. దీన్ని గుర్తుంచుకోండి, తరువాత పనికివస్తుంది.

కాలి బలం చక్రం దాకా ఎలా పోతుంది?

సైకిలు బ్రేకులో ఊచలో, తీగలో మన చేతి బలాన్ని చక్రానికి అందిస్తాయి. పెద్ద బండికి ఆ పద్ధతి చాలదు. ఊచలు, తీగలు ఉంటే ఒక చక్రానికి ఎక్కువ, ఒక చక్రానికి తక్కువ బలం అందే ప్రమాదం ఉన్నది. దీనికి ద్రవ పీడనాన్ని వాడుకోవచ్చునని మాల్కమ్ లాక్‌హీడ్ అనే అమెరికన్ చూపించాడు. 1921లో అమెరికాలో తయారైన డ్యూసెన్‌బర్గ్ మోడల్ ఎ కారుకు నాలుగు చక్రాలకూ ద్రవంతో పనిచేసే బ్రేకులు అమర్చారు.

దీని వెనుక ఉన్నది 17వ శతాబ్దపు ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు పాస్కల్ చెప్పిన సూత్రమే. మూసి ఉన్న ద్రవం మీద ఒకచోట పీడనం కలిగిస్తే, ఆ పీడనం అన్ని దిక్కులకూ సమానంగా పోతుంది. డ్రైవరు కాలితో 200 న్యూటన్ల బలం ప్రయోగించాడనుకోండి. పెడల్ ఒక తులాదండం. దాని వల్ల ఆ బలం అయిదు రెట్లయి 1,000 న్యూటన్లు అవుతుంది. ఆ బలం మాస్టర్ సిలిండర్‌లోని పిస్టన్ మీద పడుతుంది. పిస్టన్ వైశాల్యం 5 చదరపు సెంటీమీటర్లయితే పీడనం చదరపు సెంటీమీటరుకు 200 న్యూటన్లు. ఇది వాతావరణ పీడనానికి సుమారు 20 రెట్లు! ఈ పీడనమే సన్నని ఉక్కు గొట్టాల ద్వారా చక్రం దగ్గరికి పోతుంది. అక్కడి పిస్టన్ వైశాల్యం 40 చదరపు సెంటీమీటర్లయితే దాని మీద బలం 8,000 న్యూటన్లు.

200 న్యూటన్లు 8,000 న్యూటన్లు అయినాయి. ఊరికే లాభం వచ్చిందా? రాదు. బలం పెరిగినంత మేరకు కదలిక తగ్గుతుంది. మాస్టర్ సిలిండర్‌లోని పిస్టన్ 16 మిల్లీమీటర్లు కదిలితే చక్రం దగ్గరి పిస్టన్ 2 మిల్లీమీటర్లు మాత్రమే కదులుతుంది. కాబట్టి ఆ గొట్టాలలో ప్రతి ఘన సెంటీమీటరు ద్రవమూ విలువైనదే. ద్రవం కారిపోయినా, దాని స్థానంలో గాలి చేరినా కదలిక చక్రం దాకా అందదు. ద్రవాన్ని నొక్కితే దాదాపు నలగదు. గాలిని నొక్కితే నలిగిపోతుంది.

పెద్ద బండ్లలో కాలి బలం ఒక్కటే చాలదు. ఇంజను తన లోపలికి గాలి పీల్చుకునేటప్పుడు ఏర్పడే తక్కువ పీడనాన్ని వాడుకుని, కాలికి సాయం చేసే ఒక డబ్బాను కూడా అమర్చుతారు. దీన్ని బూస్టర్ అంటారు. ఇంజను ఆగిపోతే కొద్దిసేపటికి ఈ సాయం ఉండదు. అందుకే దిగుడులో ఇంజనును ఆపి బండిని జారనివ్వడం చాలా ప్రమాదం.

డ్రమ్ము, డిస్కు

చక్రం దగ్గర ఘర్షణ కలిగించే పద్ధతులు రెండున్నాయి. చక్రంతో పాటు తిరిగే ఇనుప డోలు లోపల రెండు అర్ధచంద్రాకారపు షూలు ఉంటాయి. బ్రేకు వేస్తే అవి విచ్చుకుని డోలు లోపలి గోడను ఒరుసుకుంటాయి. ఇది డ్రమ్ము బ్రేకు. రెండో పద్ధతిలో చక్రంతో పాటు ఒక ఇనుప పళ్లెం తిరుగుతుంది. దాన్ని రెండువైపుల నుంచి రెండు ప్యాడ్లు పట్టకారులా పట్టుకుంటాయి. ఇది డిస్కు బ్రేకు. పట్టుకునే భాగాన్ని కాలిపర్ అంటారు. జి.ఎం.సి. మోటార్ హోమ్‌లో ముందు రెండు చక్రాలకు డిస్కులు, వెనక నాలుగు చక్రాలకు డ్రమ్ములు ఉంటాయి.

వేడి తగిలినప్పుడు ఈ రెండూ ఒకేలా ప్రవర్తించవు. డిస్కు బయటి గాలికి తెరచి ఉంటుంది, త్వరగా చల్లారుతుంది. డ్రమ్ములో వేడి లోపలే చిక్కుకుంటుంది. పైగా వేడెక్కిన ఇనుము వ్యాకోచిస్తుంది కదా! 28 సెంటీమీటర్ల వ్యాసం గల డ్రమ్ము ఉష్ణోగ్రత 300 డిగ్రీలు పెరిగితే దాని వ్యాసం సుమారు 0.9 మిల్లీమీటరు పెరుగుతుంది. అంటే డ్రమ్ము గోడ షూలకు దూరంగా జరిగిపోతుంది. డ్రైవరు పెడల్‌ను ఇంకా లోతుగా తొక్కవలసి వస్తుంది. డిస్కు వేడెక్కితే దాని మందం పెరిగి ప్యాడ్ల వైపుకే వస్తుంది.

కొండ దిగుడు – అసలు పరీక్ష

అమెరికాలోని కొలరాడో రాష్ట్రంలో రాకీ పర్వతాల మీదుగా 70వ నంబరు హైవే పోతుంది. కొండ శిఖరం కింద ఐసన్‌హోవర్ సొరంగం ఉన్నది. 1973లో ప్రారంభమైన ఈ సొరంగం సముద్రమట్టానికి 3,400 మీటర్ల ఎత్తున ఉన్నది. సొరంగం నుంచి పడమరగా సిల్వర్‌థార్న్ అనే ఊరికి దిగాలంటే సుమారు 13 కిలోమీటర్ల దూరంలో 700 మీటర్ల ఎత్తు తగ్గాలి. మన 5 టన్నుల బండి అక్కడ దిగుతున్నదనుకుందాం.

ఈసారి గతిశక్తి కాదు, స్థితిశక్తి లెక్క కట్టాలి. 5,000 × 9.8 × 700 = 3,43,00,000 జౌళ్లు. ఇంతకుముందు 5 లీటర్ల నీరు అన్నాం. ఇప్పుడు సుమారు 109 లీటర్లు!

ఈ వేడి అంతా డిస్కులు, డ్రమ్ములలోకే పోయిందనుకోండి. అన్నింటిలోని ఇనుము కలిపి 100 కిలోగ్రాములు ఉందనుకుందాం. ఇనుము విశిష్టోష్ణం కిలోగ్రాముకు 460 జౌళ్లు. ఒక్కసారి బండిని ఆపితే ఉష్ణోగ్రత 34 డిగ్రీలు పెరుగుతుంది. కాని కొండ దిగేసరికి పెరిగేది 745 డిగ్రీలు! ఇనుము ఎర్రగా కాలే వేడి అది. నిజంగా అంత వేడి పుట్టదు. ఎందుకంటే గాలి నిరోధం, టైర్ల ఘర్షణ కొంత భాగం తీసుకుంటాయి, వీచే గాలి బ్రేకులను కొంత చల్లారుస్తూ ఉంటుంది. అయినా ప్రమాదం ఎంత దగ్గరలో ఉన్నదో ఈ లెక్క చెబుతున్నది.

మితిమీరి కాలిన లైనింగు పట్టు కోల్పోతుంది. డ్రైవరు ఎంత గట్టిగా తొక్కినా బండి నెమ్మదించదు. అందుకే ఆ దిగుడులో రోడ్డు పక్కన కంకర పరచిన ఎగుడు దారులను కట్టి ఉంచారు. బ్రేకులు పోయిన లారీ అందులోకి తిరిగితే, దాని చక్రాలు కంకరలో కూరుకుపోయి, ఎగుడు ఎక్కి ఆగుతుంది. గతిశక్తిని కంకర మింగేస్తుందన్నమాట.

బ్రేకు ఆయిలు నూనె కాదు

ఇప్పుడు నిలిచి ఉన్న బండి సంగతికి వద్దాం. గొట్టాలలో ఉండే ద్రవాన్ని మన మెకానిక్కులు బ్రేకు ఆయిలు అంటారు. నిజానికి అది నూనె కాదు. ఎక్కువ బండ్లలో వాడేది గ్లైకాల్ జాతికి చెందిన ద్రవం. పొరపాటున ఇంజను ఆయిలు పోస్తే సిలిండర్లలోని రబ్బరు వాషర్లు ఉబ్బి పాడైపోతాయి.

గ్లైకాల్ ద్రవానికి ఒక గుణం ఉన్నది. అది గాలిలోని తేమను పీల్చుకుంటుంది. వానాకాలంలో మూత తీసి ఉంచిన ఉప్పు ఎలా చెమ్మగిల్లుతుందో మీరు చూసే ఉంటారు. బ్రేకు ద్రవం మూసిన గొట్టాలలోనే ఉన్నా, దాని డబ్బా మూతలోని సన్నని రంధ్రం ద్వారానూ, రబ్బరు గొట్టాల గోడల ద్వారానూ తేమ కొద్దికొద్దిగా చేరుతూనే ఉంటుంది. బండి నడిచినా, నిలిచినా ఈ పని ఆగదు.

తేమ చేరితే ఏమవుతుంది? అమెరికా రవాణా శాఖ నిర్ణయించిన ప్రమాణాలు చూడండి. డాట్ 3 అనే రకం కొత్త ద్రవం 205 డిగ్రీల సెంటీగ్రేడు లోపల మరగకూడదు. అందులో 3.7 శాతం నీరు చేరితే ఈ హద్దు 140 డిగ్రీలకు పడిపోతుంది. డాట్ 4 రకానికి ఈ సంఖ్యలు 230, 155. అంటే లీటరు ద్రవంలో ఏడు టీ చెంచాల నీరు కలిస్తే చాలు, మరుగు స్థానం 65 డిగ్రీలకు పైగా తగ్గిపోవచ్చు.

ఇప్పుడు ఒక చుక్క నీరు ఏం చేయగలదో చూడండి. ఒక చుక్క అంటే సుమారు ఘన సెంటీమీటరులో 20వ వంతు. నీరు ఆవిరైతే మామూలు వాతావరణ పీడనం వద్ద దాని ఘనపరిమాణం 1,600 రెట్లకు పైగా పెరుగుతుంది. కాబట్టి ఆ ఒక్క చుక్క 80 ఘన సెంటీమీటర్ల ఆవిరి అవుతుంది. మన మాస్టర్ సిలిండర్‌ పిస్టన్ 3 సెంటీమీటర్లు పూర్తిగా కదిలినా అది నెట్టగలిగేది 15 ఘన సెంటీమీటర్లే!

ఇది జరిగే తీరు మరీ మోసకరమైనది. పెడల్ తొక్కి ఉన్నంతసేపు గొట్టాలలో పీడనం ఎక్కువగా ఉంటుంది. పీడనం ఎక్కువైతే మరుగు స్థానం పెరుగుతుందని మీకు తెలుసు. ప్రెషర్ కుక్కర్ పనిచేసేది అలాగే. కాబట్టి ద్రవం మరగదు. డ్రైవరు కాలు తీయగానే పీడనం పడిపోతుంది. వేడిగా ఉన్న ద్రవం అప్పుడు మరుగుతుంది. ఆవిరి బుడగ పుట్టి ద్రవాన్ని వెనక్కి, డబ్బాలోకి నెట్టివేస్తుంది. డ్రైవరు మళ్లీ తొక్కితే నలిగేది ఆవిరి బుడగ మాత్రమే. కాలు నేల దాకా పోతుంది, బండి ఆగదు. ఒక నిమిషం కింద చక్కగా పట్టిన బ్రేకు ఇప్పుడు లేదు! కాస్త చల్లారితే ఆవిరి తిరిగి ద్రవమై, ఏమీ జరగనట్టు పెడల్ గట్టిపడుతుంది. కాని దిగుడులో ఉన్న బండికి అంత వ్యవధి ఎక్కడ?

నిలిచి ఉండడం వల్ల వచ్చే జబ్బులు

ద్రవంలో చేరిన నీరు మరిగే దాకా ఊరుకోదు. అది ఇనుమును తుప్పు పట్టిస్తుంది. వీల్ సిలిండర్ లోపలి నున్నని గోడ మీద గుంటలు పడతాయి. బండి నిలిచి ఉన్నన్నాళ్లూ రబ్బరు వాషరు ఒకేచోట ఉంటుంది. బండి కదిలి బ్రేకు వేసిన రోజున ఆ వాషరు గరుకు గోడ మీద రాసుకుని చిరుగుతుంది. ద్రవం కారి లైనింగు మీద పడుతుంది. తడిసిన లైనింగు పట్టదు. ఒక పక్క చక్రం పట్టి, రెండో పక్క చక్రం పట్టకపోతే బండి ఒక వైపుకు లాగుతుంది.

కాలిపర్ పిస్టన్ తుప్పు పట్టితే ముందుకు పోయింది వెనక్కి రాదు. బ్రేకు వదిలినా ప్యాడ్లు డిస్కును పట్టుకునే ఉంటాయి. ఆ చక్రం ఊరికే కాగిపోతూ ఉంటుంది.

రబ్బరు గొట్టాల జబ్బు ఇంకా విచిత్రం. చట్రం నుంచి చక్రానికి పోయే చోట, చక్రం పైకీ కిందికీ ఆడుతుంది కాబట్టి, ఉక్కు గొట్టానికి బదులు రబ్బరు గొట్టం వేస్తారు. ఏళ్లు గడిస్తే అది పైకి బాగానే కనిపించినా లోపలి పొర ఉబ్బి, సందు మూసుకుపోతుంది. కాలితో తొక్కినప్పుడు అంత పీడనానికి ద్రవం దూసుకుపోతుంది. కాలు తీసినప్పుడు వెనక్కి నెట్టే బలం తక్కువ కనుక తిరిగి రాలేదు. గొట్టం ఒకవైపే తెరుచుకునే కవాటం అయిందన్నమాట. కాలిపర్ చెడిపోయిందని దాన్ని మార్చినా జబ్బు పోదు. అనుభవం ఉన్న మెకానిక్కు పాత బండిలో రబ్బరు గొట్టాలన్నీ ముందే మార్చేస్తాడు.

ఉత్తర అమెరికాలో చలికాలంలో రోడ్ల మీద మంచు కరగడానికి ఉప్పు చల్లుతారు. ఆ ఉప్పునీరు కింద ఉన్న ఉక్కు గొట్టాలను బయటి నుంచి తినేస్తుంది. లోపలి నుంచి నీరు, బయటి నుంచి ఉప్పు! ఒకే దారి ఉన్న బ్రేకులో ఒక్క గొట్టం పగిలితే అన్ని చక్రాల బ్రేకులూ పోతాయి. అందుకే మాస్టర్ సిలిండర్‌ను రెండు అరలుగా చేసి, ముందు చక్రాలకు ఒక దారి, వెనక చక్రాలకు ఒక దారి పెట్టడం 1960 దశాబ్దం చివరినాటికి అమెరికా కార్లలో స్థిరపడింది. ఒక దారి పోయినా రెండోది బండిని ఆపుతుంది.

మరమ్మతు ఎలా చేస్తారు?

ఇది తెలిసిన మెకానిక్కు చేయవలసిన పని. మీరు చేయవద్దు. కాని ప్రతి పని వెనుకా ఒక శాస్త్ర సూత్రం ఉన్నది, చూడండి.

మొదట బండిని చదునైన గట్టినేల మీద నిలిపి, పైకి లేపని చక్రాలకు అడ్డుచెక్కలు వేస్తారు. జాకీతో ఎత్తిన తరువాత చట్రం కింద ఇనుప స్టాండ్లు పెడతారు. జాకీ ఎత్తడానికే గాని, మోయడానికి కాదు. అది కూడా ద్రవ పీడనంతో పనిచేసేదే. దాని వాషరు జారితే 5 టన్నుల బండి కిందికి దిగుతుంది. జాకీ ఒక్కదాన్నే నమ్మి ఎవరూ బండి కింద దూరకూడదు.

చక్రం విప్పితే లోపల నల్లని దుమ్ము ఉంటుంది. 1970లలో బ్రేకు లైనింగులను వేడికి తట్టుకునే ఆస్బెస్టాస్ నారతో తయారు చేసేవారు. దాని సన్నని పోగులు ఊపిరితిత్తులలో చేరితే ఎన్నో ఏళ్ల తరువాత క్యాన్సరు వంటి ప్రాణాంతక వ్యాధులు వస్తాయి. పాత బండిలో ఏ లైనింగు ఉందో కంటితో చెప్పలేము. కాబట్టి ఆ దుమ్మును నోటితో గాని, గాలి గొట్టంతో గాని ఊదకూడదు. పొడి బ్రష్షుతో దులపకూడదు. తడిపి, తుడిచి, ఆ గుడ్డను మూటకట్టి పారవేయాలి.

తరువాత కొలతలు. డిస్కు మందం ఎంతకు తగ్గవచ్చునో, డ్రమ్ము వ్యాసం ఎంతకు పెరగవచ్చునో వాటి మీదే ముద్రించి ఉంటుంది. హద్దు దాటితే మార్చవలసిందే. ఎందుకు? పలుచబడిన డిస్కులో ఇనుము తక్కువ. ఇనుము తక్కువైతే అంతే వేడికి ఉష్ణోగ్రత ఎక్కువ పెరుగుతుంది. మనం పైన కట్టిన లెక్కలో 100 కిలోగ్రాములకు బదులు 80 వేసి చూడండి, మీకే తెలుస్తుంది. లైనింగులు, ప్యాడ్లు ఒక చక్రానికే మార్చరు. ఎదురుగా ఉన్న చక్రానికి కూడా కలిపి మారుస్తారు. రెండు పక్కలా పట్టు సమానంగా ఉండాలి కదా!

చివరగా పాత ద్రవం తీసి కొత్తది నింపడం. దీన్నే ఎయిర్ తీయడం అంటారు. దీనికి ఇద్దరు కావాలి. ఒకరు డ్రైవరు సీటులో కూర్చుంటారు. రెండోవారు చక్రం దగ్గర ఉంటారు. చక్రం దగ్గరి చిన్న మరకు పారదర్శకమైన గొట్టం తగిలించి, దాని రెండో కొనను కొత్త ద్రవం ఉన్న సీసాలో ముంచుతారు. మర వదులు చేయగానే పైవారు పెడల్ తొక్కుతారు. పాత ద్రవం, గాలి బుడగలు సీసాలోకి వస్తాయి. పెడల్ అడుగున ఉండగానే మర బిగించాలి, ఆ తరువాతే కాలు తీయాలి. ముందే కాలు తీస్తే లోపల పీడనం తగ్గి, మర సందులోంచి గాలి తిరిగి లోపలికి పోతుంది. సాధారణంగా మాస్టర్ సిలిండర్‌కు దూరంగా ఉన్న చక్రంతో మొదలుపెట్టి దగ్గరికి వస్తారు. బుడగలు లేని శుభ్రమైన ద్రవం వచ్చేదాకా ఇలా చేస్తారు. మధ్యలో డబ్బా ఖాళీ కాకుండా పోస్తూ ఉండాలి.

సీసాలోకి వచ్చిన ద్రవాన్ని తిరిగి వాడరు. మూత తీసి చాలాకాలం ఉంచిన డబ్బాలోని ద్రవమూ పనికిరాదు. అది అప్పటికే తేమ తాగి ఉంటుంది. రెండేళ్లకొకసారి ద్రవం మార్చడం మంచిదని చెబుతారు. లెక్క కిలోమీటర్లలో కాదు, ఏళ్లలో! బండి ఒక్క కిలోమీటరు నడవకపోయినా ద్రవం మార్చవలసిందే. తేమను పీల్చని సిలికోన్ ద్రవం కూడా ఉన్నది. దాని పేరు డాట్ 5. దాన్ని మాత్రం గ్లైకాల్ ద్రవంతో కలపకూడదు.

బ్రేకులను కాపాడే డ్రైవరు

మరమ్మతు ఎంత బాగా చేసినా, నడిపే తీరు తెలియకపోతే లాభం లేదు. తిరుమల కొండ దిగే బస్సులో కూర్చున్నప్పుడు గమనించండి. ఇంజను గట్టిగా మూలుగుతూ ఉంటుంది. డ్రైవరు చిన్న గేరులో దింపుతున్నాడన్నమాట. చక్రాలు ఇంజనును తిప్పుతాయి. ఆ తిప్పడానికి శక్తి ఖర్చవుతుంది. ఆ వేడి పొగ గొట్టం ద్వారా, రేడియేటరు ద్వారా బయటికి పోతుంది. బ్రేకుల భారం తగ్గుతుంది. రాకీ పర్వతాలలో మోటార్ హోమ్‌కైనా, తిరుమలలో బస్సుకైనా సూత్రం ఒకటే.

దిగుడు మొదలు కాకముందే వేగం తగ్గించి చిన్న గేరు వేయాలి. 50 కిలోమీటర్ల వేగంతో ఆ కొలరాడో దిగుడు దిగితే సుమారు 16 నిమిషాలు పడుతుంది. అప్పుడు సెకనుకు సుమారు 36,000 జౌళ్ల శక్తిని వదిలించుకోవాలి. ఇది 36 కిలోవాట్లు, అంటే ఒక కిలోవాటు ఎలక్ట్రిక్ హీటర్లు 36 ఒకేసారి వెలిగించినట్టు. వేగం రెట్టింపయితే అదే పని సగం కాలంలో జరగాలి, చల్లారే వ్యవధి తక్కువ. పైగా మధ్యలో బండిని ఆపవలసివస్తే బ్రేకుల మీద పడే గతిశక్తి నాలుగు రెట్లు. ఇంతకుముందు గుర్తుంచుకోమన్నది ఇందుకే.

మీరే చేసి చూడండి

సూది లేని ప్లాస్టిక్ సిరంజీలు రెండు తీసుకోండి – ఒకటి చిన్నది, ఒకటి పెద్దది. రెండింటినీ నీటితో నింపి, నీరు నిండిన సన్నని ప్లాస్టిక్ గొట్టంతో కలపండి. లోపల బుడగలు ఉండకూడదు. చిన్నదాన్ని మీరు నొక్కండి, పెద్దదాన్ని మీ స్నేహితుణ్ణి ఆపమనండి. ఎవరు గెలుస్తారు? ఎవరి పిస్టన్ ఎక్కువ దూరం కదిలింది? ఇప్పుడు గొట్టంలోకి కాస్త గాలి పోనిచ్చి మళ్లీ నొక్కండి. వేలికి తగిలే ఆ మెత్తదనమే, డ్రైవరు కాలికి తెలిసే ప్రమాద సూచన.

మీ ఇంట్లో కారు ఉంటే పెద్దల సమక్షంలో బ్రేకు ద్రవం డబ్బాను చూడండి. మూత మాత్రం తీయవద్దు. డబ్బా మీద కనిష్ఠ, గరిష్ఠ గీతలు ఉంటాయి. ద్రవం ఏ గీత దగ్గర ఉంది? ఏ రంగులో ఉంది? చివరిసారి ఎప్పుడు మార్చారని మీ నాన్నగారినో, మామయ్యనో అడగండి. ఎన్ని కిలోమీటర్లు నడిచిందో చెబితే ఒప్పుకోవద్దు. ఎన్నేళ్లయిందో అడగండి.